కార్బన్ డయాక్సైడ్ పెరుగుదల, మందులకు లొంగని పురుగులు: తరచుగా అడిగే ప్రశ్నలు

గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే పైర్లు ఏపుగా ఎదుగుతాయన్న మాట చాలామంది విన్నదే. ఆ పైరు మీద పడి తినే పురుగుల సంగతి అంతగా చర్చకు రాదు. వాటిలోనూ ఇప్పటికే మందులకు లొంగని పురుగుల గురించి మాట్లాడుకునేది మరీ తక్కువ. వ్యవసాయ విద్యార్థులు, సస్యరక్షణలో పనిచేసేవారు, పంట పండించేవారు ఈ విషయంపై ఎక్కువగా అడిగే ప్రశ్నలివి.

కార్బన్ డయాక్సైడ్ పెరిగితే పురుగులకు మందులను తట్టుకునే శక్తి పుడుతుందా?

పుట్టదు. ఈ అపోహ ముందే తొలగితే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది. తట్టుకునే శక్తికి మూలం జన్యువుల్లో అరుదుగా, యాదృచ్ఛికంగా వచ్చే మార్పు. అలాంటి మార్పున్న పురుగులు మందు వాడకముందు కూడా వేలల్లో, లక్షల్లో ఒకటిగా ఉంటాయి. మందు జల్లెడలా పనిచేసి లొంగేవాటిని తీసేస్తుంది. లొంగనివి మిగిలి సంతానాన్ని పెంచుకుంటాయి.

ఒక ఊహా లెక్క చూడండి. వెయ్యి పురుగుల్లో ఒకదానికి నిరోధకత, అంటే మందును తట్టుకునే శక్తి, ఉందనుకుందాం. మందు మామూలు పురుగుల్లో 99 శాతాన్ని, నిరోధకత ఉన్నవాటిలో 50 శాతాన్ని చంపుతుందనుకుందాం. ఒక్క పిచికారీతోనే, బతికినవాటిలో నిరోధక పురుగుల వాటా 0.1 శాతం నుంచి దాదాపు 5 శాతానికి చేరుతుంది. అదే మందును రెండోసారి కొడితే 70 శాతం దాటుతుంది. మూడోసారికి 99 శాతం. ఆడ పురుగు కలయిక లేకుండానే తనలాంటి పిల్లల్ని కనే పేనుబంకలో ఈ లెక్క దాదాపు ఇలాగే నడుస్తుంది. మగ, ఆడ కలిసే జాతుల్లో కొంత నెమ్మదిస్తుంది, అంతే తేడా.

ఈ లెక్కలో కార్బన్ డయాక్సైడ్ ఎక్కడా లేదు. కానీ లెక్కలోని అంకెల్ని అది కదిలించగలదు. పురుగు ఒంట్లోకి మందు ఎంత చేరుతుంది, ఏడాదిలో ఎన్నిసార్లు మందు కొట్టాల్సి వస్తుంది, నిరోధకత కోసం పురుగు ఎంత మూల్యం చెల్లిస్తుంది అన్నవి వాటిలో ముఖ్యమైనవి.

ఈ నిరోధకత కొత్తగా వచ్చిన సమస్యా?

వందేళ్లు దాటింది. అమెరికాలో పండ్ల చెట్లను పట్టే శాన్ హోసే పొలుసు పురుగు సున్నం-గంధకం ద్రావణానికి లొంగడం లేదని ఎ. ఎల్. మెలాండర్ 1914లోనే రాశారు. అప్పటికి డీడీటీ లేదు, సింథటిక్ మందులూ లేవు. ఇప్పుడు నిరోధకత నమోదైన కీటకాలు, నల్లుల జాతులు 600 పైమాటే. క్యాబేజీ, కాలీఫ్లవర్ పంటల మీది డైమండ్ రెక్కల పురుగు 1953లో డీడీటీని తట్టుకుంది. 1990 నాటికి పొలంలో బీటీ బ్యాక్టీరియా మందును సైతం తట్టుకున్న తొలి పురుగుగా నమోదైంది.

గాలిలో ఈ వాయువు ఎంత పెరిగింది? ప్రయోగాల్లో ఎంత వాడతారు?

పారిశ్రామిక యుగానికి ముందు 10 లక్షల భాగాల గాలిలో సుమారు 280 భాగాలు, అంటే 280 పీపీఎం ఉండేది. 1958లో హవాయిలోని మౌనా లోవా మీద చార్లెస్ డేవిడ్ కీలింగ్ కొలతలు మొదలుపెట్టినప్పుడు సుమారు 315 ఉంది. 2013లో అక్కడ రోజువారీ సగటు తొలిసారి 400 దాటింది. ఇప్పుడు 420 కూడా దాటిపోయింది.

పరిశోధకులు మూడు రకాల ఏర్పాట్లు వాడతారు: నాలుగు గోడల మధ్య పెంపక గదులు, పైకప్పు తెరిచి ఉండే గాజు లేదా ప్లాస్టిక్ గదులు, నేరుగా పొలంలోనే చుట్టూ గొట్టాలు అమర్చి వాయువును వదిలే వలయాలు. పొలపు వలయాల్లో సాధారణంగా 550 పీపీఎం చుట్టుపక్కల పెడతారు, గదుల్లో 700 నుంచి 800 వరకు వెళతారు. ఈ విషయంపై వార్త చదివేటప్పుడు మొదట చూడాల్సింది ఇదే. కుండీలో ఒంటరి మొక్క మీద 800 పీపీఎం దగ్గర కనిపించిన ఫలితాన్ని రేపటి పొలానికి అలాగే అంటగడితే అది శీర్షిక కోసం చేసిన పని.

గిడ్డంగుల్లో ధాన్యపు పురుగుల్ని కార్బన్ డయాక్సైడ్‌తోనే చంపుతారు కదా! గాలిలో పెరిగితే పంట పురుగులకూ హాని ఉండాలి కదా?

మోతాదుల్లో తేడాను బట్టి చూడాలి. మూసిన గిడ్డంగిలో ధాన్యపు పురుగుల్ని చంపడానికి గాలిలో 60 శాతం దాకా ఈ వాయువు నింపుతారు. అంటే 6 లక్షల పీపీఎం. బయటి గాలి 420 నుంచి 550కి పెరిగినా శాతంలో చెప్పుకుంటే 0.042 నుంచి 0.055 మాత్రమే. పురుగుకు ఊపిరాడకపోవడం అన్నది ఇక్కడ లేదు.

ఊపిరి సంగతి అలా ఉంచితే, వాసన సంగతి వేరు. చాలా రెక్కల పురుగుల నోటి పక్కన ఈ వాయువును పసిగట్టే ప్రత్యేక గుంట ఉంటుంది. మొక్కజొన్న వేరు పురుగు పిల్లలు నేలలో వేళ్లను వెతుక్కునేది వేళ్లు వదిలే కార్బన్ డయాక్సైడ్ జాడను బట్టే. చుట్టూ గాలిలో దాని స్థాయి పెరిగితే ఆ చిన్న హెచ్చుతగ్గుల్ని పట్టుకోవడం కష్టమవుతుంది. అయితే పంట నష్టం లెక్కల్లో దీని వాటా చిన్నది. అసలు కథ మొక్క ద్వారా నడుస్తుంది.

మొక్కలో ఏం మారుతుంది?

వరి, గోధుమ, పత్తి, సోయా, చాలా కూరగాయలు ఒక తరహా కిరణజన్య సంయోగక్రియ మీద నడుస్తాయి. వీటికి ఇప్పటి గాలిలోని కార్బన్ డయాక్సైడ్ చాలినంత లేదు. అది పెరిగితే పిండి పదార్థాలు, చక్కెరలు ఎక్కువ తయారవుతాయి, ఆకు పెరుగుతుంది. వేళ్లు మాత్రం అదే లెక్కన నత్రజనిని అందించలేవు. ఫలితంగా ఆకులో నత్రజని శాతం తగ్గుతుంది. ప్రయోగాల్లో సాధారణంగా కనిపించేది 10 నుంచి 15 శాతం తగ్గుదల.

నత్రజని అంటే మాంసకృత్తులు. ఆకులు నమిలే పురుగు పెరగడానికి కావాల్సింది అవే. నాసి ఆకు దొరికినప్పుడు పురుగు లోటును పూడ్చుకోవడానికి ఎక్కువ ఆకు తింటుంది. అలా తిన్నా చాలాసార్లు నెమ్మదిగానే పెరుగుతుంది, కోశస్థ దశలో బరువు కూడా తగ్గవచ్చు.

రెండో మార్పు రక్షణలో వస్తుంది. పురుగు కొరికినప్పుడు మొక్క జాస్మోనిక్ ఆమ్లం అనే సంకేతాన్ని పంపి, పురుగు పొట్టలో జీర్ణక్రియను అడ్డుకునే పదార్థాలను తయారు చేసుకుంటుంది. కార్బన్ డయాక్సైడ్ ఎక్కువైన చాలా మొక్కల్లో ఈ దారి బలహీనపడుతుంది. దానికి పోటీగా ఉండే, ప్రధానంగా రోగాల మీద పనిచేసే సాలిసిలిక్ ఆమ్లం దారి బలపడుతుంది. అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రంలో సోయాఫేస్ అనే పొలపు ప్రయోగం దీనికి బాగా తెలిసిన ఉదాహరణ. అక్కడ 550 పీపీఎం దగ్గర పెరిగిన సోయా ఆకులకు మామూలు గాలిలోని వాటికంటే 57 శాతం ఎక్కువ పురుగు నష్టం కనిపించింది. కారణం వెతికితే, జపాన్ పెంకు పురుగు జీర్ణశక్తిని దెబ్బతీయాల్సిన పదార్థాలను మొక్క సరిగా తయారు చేసుకోవడం లేదని 2008లో తేలింది. పురుగుకు ఎక్కువ ఆకలి వేయడం ఒక్కటే అయితే కథ అంతటితో ఆగేది. మొక్క తలుపు గడియ కూడా సడలింది.

అన్ని పురుగుల మీదా ఒకే ప్రభావమా?

కాదు. ఆకు నమిలేవాటికి, రసం పీల్చేవాటికి తేడా బాగా ఉంది.

లద్దె పురుగులు, కాయతొలుచు పురుగులు ఎక్కువ తిని నెమ్మదిగా పెరుగుతాయని పైన చెప్పుకున్నాం. సంఖ్య చాలాసార్లు తగ్గుతుంది, ఒక్కో పురుగు చేసే నష్టం పెరుగుతుంది. పేనుబంక, తెల్లదోమ, సుడిదోమ వంటి రసం పీల్చే పురుగులకు ఆకు మొత్తంలోని నత్రజనితో పనిలేదు, నాళాల్లో పారే రసమే ముఖ్యం. వాటిలో కొన్ని పీల్చే సమయంలో మొక్క రసంలోని అమైనో ఆమ్లాలను తమకు అనుకూలంగా మార్చుకోగలవు. పైగా కార్బన్ డయాక్సైడ్ ఎక్కువైతే మొక్క పత్రరంధ్రాలను కొంత మూసుకుంటుంది, ఆకులో నీరు నిలుస్తుంది. నీరు నిలిచిన ఆకు మీద పేనుబంకకు పీల్చడం తేలికవుతుందని ప్రయోగాల్లో తేలింది. వరి మీది సుడిదోమ ఈ పరిస్థితుల్లో బాగా పెరిగిన సందర్భాలున్నాయి.

అయినా పేనుబంక జాతి మారితే, మొక్క రకం మారితే ఫలితం తిరగబడిన ప్రయోగాలూ తక్కువేమీ కాదు. ఎవరైనా అన్ని రసం పీల్చే పురుగులూ పెరుగుతాయని అంటే నమ్మకండి. మందుల నిరోధకతలో తలనొప్పిగా మారినవాటిలో రసం పీల్చేవి చాలా ఉన్నాయన్నది మాత్రం గుర్తుంచుకోదగ్గ విషయం. తెల్లదోమ, పచ్చ పీచ్ పేనుబంక, సుడిదోమ, తామర పురుగులు ఆ జాబితాలో ముందుంటాయి.

నిరోధకత ఉన్న పురుగు ఒంట్లో ఏం జరుగుతుంది?

ముఖ్యంగా రెండు దారులు. మొదటిది, మందు తగలాల్సిన చోటే మారిపోవడం. పైరెథ్రాయిడ్ మందులు నరాల్లోని సోడియం ద్వారం మీద పనిచేస్తాయి. ఆ ద్వారం ఆకారంలో చిన్న మార్పు వస్తే మందు అతుక్కోదు. రెండోది, విషాన్ని విరగ్గొట్టే ఎంజైములను ఎక్కువగా తయారు చేసుకోవడం. సుడిదోమ, తెల్లదోమ ఇమిడాక్లోప్రిడ్ అనే మందును తట్టుకునేది ప్రధానంగా సైటోక్రోమ్ పీ450 అనే ఎంజైముల కుటుంబంతో. పచ్చ పీచ్ పేనుబంకలో ఒక ఎస్టరేజ్ జన్యువుకు అనేక నకళ్లు ఏర్పడి, ఆర్గానోఫాస్ఫేట్ మందులను పట్టి బంధించే ఎంజైము విపరీతంగా తయారవుతుంది. మందం పెరిగిన చర్మం, మందు తగిలిన చోటు నుంచి తప్పుకునే ప్రవర్తన కూడా ఉన్నాయి, కానీ వాటి పాత్ర చిన్నది.

ఈ తేడా ఎందుకు ముఖ్యమంటే, మొదటి దారి ఆహారంతో మారదు. ద్వారం ఆకారం ఆకు మంచిదైనా నాసిదైనా ఒకటే. రెండో దారి మాత్రం పురుగు ఏం తింటుందన్నదాన్ని బట్టి ఎక్కువ తక్కువలవుతుంది.

అయితే కార్బన్ డయాక్సైడ్‌కూ నిరోధకతకూ అసలు లంకె అక్కడేనా?

బలమైన లంకె అదే. పీ450 ఎంజైములు మందుల కోసం పుట్టినవి కావు. మొక్కల్లోని చేదు పదార్థాలను, విషాలను జీర్ణించుకోవడానికి పురుగులు కోట్ల ఏళ్లుగా వాడుకుంటున్నవి. పత్తిలో గాసిపాల్ అనే విషపదార్థం ఉంటుంది. అది తిన్న శనగపచ్చ పురుగులో కొన్ని పీ450 ఎంజైములు పెరుగుతాయి. అలా పెరిగిన పురుగు డెల్టామెత్రిన్ మందును కూడా ఎక్కువగా తట్టుకుంటుందని 2012లో ప్రచురితమైన పరిశోధన చూపింది. అంతకు పదేళ్ల ముందే, 2002లో, మరో ఆసక్తికరమైన సంగతి వెల్లడైంది. మొక్క రక్షణ కోసం పంపే జాస్మోనిక్, సాలిసిలిక్ ఆమ్లాల సంకేతాలను కాయతొలుచు పురుగు చాటుగా విన్నట్టు పసిగట్టి, మొక్క విషం తయారు కాకముందే తన ఎంజైములను సిద్ధం చేసుకుంటుంది.

ఇప్పుడు కార్బన్ డయాక్సైడ్‌ను ఈ చిత్రంలో పెట్టండి. అదనపు కార్బన్‌తో చాలా మొక్కల్లో టానిన్లు, ఫీనాలు వంటి పదార్థాలు పెరుగుతాయి. జాస్మోనిక్ సంకేతం తగ్గుతుంది, సాలిసిలిక్ సంకేతం పెరుగుతుంది. అంటే పురుగు ఎంజైములను ఒక చెయ్యి పైకి లాగుతుంటే మరో చెయ్యి కిందికి లాగుతోంది. ఏ చెయ్యి గెలుస్తుందన్నది పంటను, పురుగును, మందును బట్టి ఉంటుంది. అందుకే ఈ వాయువు పెరిగితే నిరోధకత పెరుగుతుందన్న ఒక్క వాక్యం నాకు ఎప్పుడూ అనుమానాస్పదంగానే కనిపిస్తుంది. ఏ పంట మీద, ఏ మందుకు, ఏ రకం నిరోధకత ఉన్న పురుగు అన్న మూడు వివరాలు లేకుండా ఆ వాక్యానికి అర్థం లేదు.

ఎంజైములకు మరో సమస్య కూడా ఉంది. అవి మాంసకృత్తులు, తయారీకి నత్రజని కావాలి. నత్రజని తక్కువైన ఆకు తింటూ, ఎంజైములను పెద్ద ఎత్తున తయారు చేయడం పురుగుకు బరువైన పనే.

నిరోధకత వల్ల పురుగుకూ నష్టం ఉంటుందంటారు. ఆ నష్టాన్ని కార్బన్ డయాక్సైడ్ తగ్గిస్తుందా, పెంచుతుందా?

నన్నడిగితే ఈ మొత్తం అంశంలో ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సిన ప్రశ్న ఇదే.

మందు లేనప్పుడు నిరోధక పురుగు మామూలు పురుగుకంటే తక్కువ గుడ్లు పెట్టడం, నెమ్మదిగా పెరగడం, శత్రువులకు సులువుగా దొరకడం తరచూ కనిపిస్తుంది. అన్ని జాతుల్లో, అన్ని జన్యువుల్లో ఇలా ఉండదు, కానీ ఉన్నచోట అదే మనకు ఊరట. మందును కొన్నాళ్లు పక్కనపెడితే నిరోధక పురుగుల వాటా దానంతట అదే తగ్గడానికి కారణం ఈ మూల్యమే.

లెక్క వేస్తే దీని బరువు తెలుస్తుంది. ఒక్కో తరానికి ఈ నష్టం 10 శాతం అనుకుంటే, మామూలు పురుగులతో పోల్చినప్పుడు నిరోధక పురుగుల నిష్పత్తి సగానికి పడిపోవడానికి దాదాపు 7 తరాలు పడుతుంది. నష్టం 5 శాతానికి తగ్గితే 14 తరాలు కావాలి. కార్బన్ డయాక్సైడ్ ఆ మూల్యాన్ని కొంచెం కదిలించినా, మందుకు ఇవ్వాల్సిన విరామం ఎంతో మారిపోతుంది. పురుగు చావు శాతం మీదే కళ్లు పెట్టి, ఈ చిన్న అంకెను పట్టించుకోని ప్రయోగాలు చాలా ఉన్నాయి.

మూల్యం ఎటు కదులుతుందన్నదానికి రెండు ఉదాహరణలు చెప్పుకోవచ్చు. గులాబీ రంగు పురుగులో బీటీ విషానికి నిరోధకత ఉన్నవాటికి, గాసిపాల్ ఎక్కువైన ఆహారం మీద నష్టం ఎక్కువవుతుంది. మొక్క రసాయనాలు మారితే మూల్యం మారుతుందనడానికి ఇది సాక్ష్యం. ఇక్కడ మార్పు మనకు అనుకూలం.

రెండోది పేనుబంకది. శత్రువు దాడి చేసినప్పుడు పేనుబంక ఒక హెచ్చరిక వాసనను వదులుతుంది. పక్కనున్నవి అది పసిగట్టి రసం పీల్చడం ఆపి జారిపోతాయి. పచ్చ పీచ్ పేనుబంకలో సోడియం ద్వారం మారిన నిరోధక రకాలు ఈ హెచ్చరికకు సరిగా స్పందించవు, అందువల్ల బదనికల (పురుగు ఒంట్లో గుడ్లు పెట్టి దాన్ని చంపే చిన్న కందిరీగల) వాత ఎక్కువగా పడతాయి. వేరే ప్రయోగాల్లో, వేరే పేనుబంక జాతుల్లో, కార్బన్ డయాక్సైడ్ పెరిగినా ఈ స్పందన మందగించింది. ఈ రెండూ ఒకేచోట కలిస్తే ఒక తమాషా జరగవచ్చు. గాలి మారక ముందు బద్ధకం నిరోధక పురుగులదే. గాలి మారాక అన్నీ బద్ధకిస్తే, నిరోధక పురుగు ఒక్కటే శత్రువు నోట్లో పడే పరిస్థితి పోతుంది. అంటే దాని ప్రత్యేక నష్టం తగ్గుతుంది. రెండు వేర్వేరు పరిశీలనలను కలిపి వేసిన అంచనా ఇది, అంతవరకే తీసుకోవాలి.

మందుల పనితనం మారుతుందా?

మారుతుంది, అది అన్ని మందుల్లో ఒకే దిశగా ఉండదు.

వేరు నుంచి లేదా విత్తన శుద్ధి ద్వారా లోపలికి వెళ్లి ఆకుకు చేరే అంతర్వాహిక మందులను ముందు చూద్దాం. అవి నీటితో పాటు పైకి ప్రయాణిస్తాయి. ఆ నీటిని లాగేది పత్రరంధ్రాల నుంచి జరిగే బాష్పోత్సేకం. పొలపు ప్రయోగాల్లో కార్బన్ డయాక్సైడ్ పెరిగినప్పుడు పత్రరంధ్రాల ద్వారా సాగే రాకపోకలు సగటున 20 శాతం దాకా తగ్గాయి. పైకి వెళ్లే నీరు తగ్గితే దానితో వెళ్లే మందూ తగ్గుతుంది. పైగా ఆకు బరువు పెరిగింది కనుక, వెళ్లిన మందు ఎక్కువ కండలో పలచబడుతుంది. పురుగుకు అందే మోతాదు చంపడానికి చాలక, బతకనిచ్చే స్థాయిలో ఉంటే నిరోధకతకు అంతకంటే మంచి పాఠశాల లేదు. కలుపు మందుల్లో దీనికి పోలిక ఇప్పటికే ఉంది: కార్బన్ డయాక్సైడ్ ఎక్కువైన గాలిలో పెరిగిన కొన్ని కలుపు మొక్కలు గ్లైఫోసేట్‌కు తక్కువగా లొంగాయి.

పైన కొట్టే స్పర్శ మందుల సమస్య దట్టమైన ఆకు. కింది ఆకుల అడుగున దాక్కునే తెల్లదోమ పిల్లలకు, తామర పురుగులకు మందు తుంపర చేరదు.

తిన్నప్పుడు పనిచేసే మందుల్లో లెక్క తిరగబడవచ్చు. ఆకు ఎక్కువ తినే పురుగు ఆకు మీది మందునూ ఎక్కువ తింటుంది. స్పోడోప్టెరా ఎగ్జిగ్వా అనే లద్దె పురుగుతో చేసిన ప్రయోగంలో, కార్బన్ డయాక్సైడ్ ఎక్కువైన గాలిలో పెరిగిన పత్తి ఆకుల మీద బీటీ పొడి ఇంకా బాగా పనిచేసింది. విచిత్రం ఏమిటంటే అదే బీటీ విషం మొక్క లోపలే తయారయ్యే పత్తిలో ఫలితం వేరు. అక్కడ విషం కూడా మాంసకృత్తే. నత్రజని తక్కువైతే దాని తయారీ తగ్గుతుంది. ఒకే విషం, పైన చల్లితే మేలు, లోపల తయారైతే లోటు.

వేడి కూడా పెరుగుతోంది కదా, దాన్ని విడిగా చూడగలమా?

ప్రయోగశాలలో విడదీయగలం, పొలంలో అవి కలిసే వస్తాయి. నిరోధకత విషయంలో వేడి ప్రభావం కార్బన్ డయాక్సైడ్ ప్రత్యక్ష ప్రభావంకంటే పెద్దదనే నా అభిప్రాయం.

కారణాలు మూడు. వెచ్చదనంతో పురుగు తరాలు పెరుగుతాయి, పిచికారీలూ పెరుగుతాయి. వెచ్చటి ప్రాంతాల్లో డైమండ్ రెక్కల పురుగు ఏడాదికి 20 తరాల దాకా పూర్తి చేయగలదు. రెండోది, మందుల స్వభావం. పైరెథ్రాయిడ్లు సాధారణంగా చల్లదనంలో బాగా పనిచేసి ఎండలో మందగిస్తాయి, ఆర్గానోఫాస్ఫేట్లలో చాలావరకు ఇందుకు వ్యతిరేకం. మూడోది చలికాలం. చలికి చచ్చిపోయే చోట్ల నిరోధక పురుగులు ఏటా తుడిచిపెట్టుకుపోతాయి, వసంతంలో వలస వచ్చినవి కొత్తగా మొదలుపెడతాయి. చలి తగ్గి పురుగు అక్కడే బతికిపోతే, గడచిన ఏడాది పెంచుకున్న నిరోధకత అక్కడే పోగవుతుంది. డైమండ్ రెక్కల పురుగు మీద 2021లో వెలువడిన అధ్యయనం ప్రకారం, చలికాలం గడిపే ప్రాంతాల్లో దాని సగటు నిరోధకత, కాలానుగుణంగా మాత్రమే కనిపించే ప్రాంతాలకంటే 158 రెట్లు ఎక్కువ.

మిత్ర పురుగులు ఆదుకుంటాయా?

కొంతవరకు. నెమ్మదిగా పెరిగే గొంగళిపురుగు లేత దశలో ఎక్కువ రోజులు ఉంటుంది. బదనికలకు, అక్షింతల పురుగులకు, సాలీళ్లకు దాన్ని పట్టుకునే అవకాశం పెరుగుతుంది. కానీ నాసి ఆకు తిన్న పురుగులో పెరిగిన బదనిక కూడా చిన్నదిగా పుట్టవచ్చు. నిరోధక పురుగుల విషయంలో మిత్ర పురుగుల విలువ మరింత ఎక్కువ. మందును తట్టుకునే జన్యువు సాలీడు నుంచి కాపాడదు. విస్తృతంగా చంపే మందు కొట్టి ముందు సాలీళ్లను పోగొట్టుకున్న పొలంలో మిగిలేది నిరోధక పురుగే.

మొక్కజొన్న, జొన్న, చెరకు సంగతి?

వీటి కిరణజన్య సంయోగక్రియ వేరు. ఆకు లోపలే కార్బన్ డయాక్సైడ్‌ను పోగుచేసుకుంటాయి కనుక గాలిలో పెరిగినా ఆకు నాణ్యత పెద్దగా మారదు. వీటి మీది పురుగుల విషయంలో వేడినీ వర్షాభావాన్నీ చూసుకోవడం ముఖ్యం.

దిగుబడి ఎలాగూ పెరుగుతుంది, పురుగు కాస్త ఎక్కువ తింటే ఏమిటి?

ఈ వాదన వినడానికి బాగుంటుంది. పెరిగేది ఎక్కువగా పిండి పదార్థమే, గింజలో మాంసకృత్తులు తగ్గుతాయి. పురుగు కూడా ఆకును సమానంగా పంచుకుని తినదు. మొగ్గ, కాయ, లేత చిగురు తింటే ఏపుగా పెరిగిన ఆకు ఆ నష్టాన్ని పూడ్చదు. వరి, గోధుమ, మొక్కజొన్నల్లో ఒక్కో డిగ్రీ వేడికి పురుగుల వల్ల జరిగే నష్టం 10 నుంచి 25 శాతం పెరుగుతుందని 2018లో ఒక అంచనా వచ్చింది. అందులో నిరోధకత లెక్కే లేదు.

ఇప్పుడే మార్చుకోవాల్సినవి ఏమైనా ఉన్నాయా?

మోతాదు పెంచడం మాత్రం వద్దు. మందు తగినంత పనిచేయలేదనిపించగానే చాలామంది చేసే మొదటి పని అదే. ఎంజైములతో తట్టుకునే పురుగును ఒక్కోసారి అది చంపగలదు కానీ, బతికినవి మరింత గట్టివి.

డబ్బా మీద మందు చర్యా విధానాన్ని తెలిపే గ్రూపు సంఖ్య చూడండి. 1984లో ఏర్పడిన నిరోధకత కార్యాచరణ కమిటీ ఐరాక్ ఇచ్చే సంఖ్యలవి. పేర్లు వేరైనా సంఖ్య ఒకటే అయితే మందు మార్చినట్టు కాదు. ఒక తరం మీద ఒక గ్రూపు, తర్వాతి తరం మీద వేరే గ్రూపు వాడాలి. తరం వ్యవధి వేడిని బట్టి కుదించుకుపోతుంది. పాత క్యాలెండర్ ప్రకారం మారుస్తూ ఉంటే ఒకే గ్రూపు రెండు తరాల మీద పడే ప్రమాదం ఉంది. తేదీలను కాకుండా లింగాకర్షక బుట్టల్లో పడే పురుగుల్ని చూసి తరాన్ని లెక్కించడం మేలు.

ఆకు పచ్చదనం తగ్గిందని యూరియా అదనంగా వేయడం మరో ఉచ్చు. నత్రజని ఎక్కువైతే సుడిదోమ, పేనుబంక ఉధృతి పెరుగుతుందన్నది కార్బన్ డయాక్సైడ్ ప్రయోగాలకు చాలా ముందు నుంచీ తెలిసిన సంగతి. ఆకు విశ్లేషణ చేయించి వేయడం వేరు, రంగు చూసి వేయడం వేరు.

ఆర్థిక నష్ట పరిమితి స్థాయిలను కూడా తిరిగి సరిచూడాలి. ఒక్కో పురుగు తినేది మారినప్పుడు, మొక్కకు ఎన్ని పురుగులుంటే మందు కొట్టాలన్న పాత అంకె అలాగే ఉండటానికి వీల్లేదు. ఇది రైతు ఒంటరిగా చేయగలిగేది కాదు, పరిశోధనా కేంద్రాలు చేయాల్సిన పని.

గ్రీన్‌హౌస్‌లో కార్బన్ డయాక్సైడ్ ఎక్కించి పండిస్తే?

భవిష్యత్తు గాలిని ఇవాళే పీలుస్తున్న పంట ఏదైనా ఉందంటే అదే. టమాటా, దోస, క్యాప్సికం పెంచే చాలా గ్రీన్‌హౌస్‌లలో పగటిపూట 800 నుంచి 1000 పీపీఎం దాకా వాయువును వదులుతారు. తెల్లదోమ, తామర పురుగులు, పేనుబంక, ఎర్రనల్లి వంటివాటిలో మందులకు లొంగని రకాలు పేరుకుపోయేదీ అక్కడే. బయటి నుంచి మామూలు పురుగులు వచ్చి కలవవు, మందులేమో పదేపదే పడతాయి. చాలా గ్రీన్‌హౌస్‌లు తెల్లదోమ మీదికి ఎన్‌కార్సియా బదనికను, ఎర్రనల్లి మీదికి ఫైటోసియులస్ అనే వేటాడే నల్లిని వదలడానికి మొగ్గు చూపింది మందులు పనిచేయక, పరాగ సంపర్కం చేసే తుమ్మెదలను కాపాడుకోవాల్సి వచ్చి.

వేరు దగ్గర పోసే అంతర్వాహిక మందును అలాంటి ఇంట్లో వాడాల్సి వస్తే, వాయువు వదలని రోజున, గాలి కిటికీలు తెరిచి, మొక్క నీటిని బాగా లాగే ఉదయపు వేళ పోయడం నయం. పోసిన వారానికి ఆకు అడుగున బతికున్న పురుగుల్ని లెక్కపెట్టి చూసుకోండి. సంఖ్య తగ్గకపోతే అదే గ్రూపు మందును రెండోసారి పోయకండి.